గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాను

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో తాగుడు గురించినవే ఎక్కువ. మూడింటికి జవాబు రాస్తున్నాను. పేర్లు తీసేశాను. వివరాలు కూడా అక్కడక్కడా మార్చాను, ఇంట్లోవాళ్ళు చదివినా గుర్తుపట్టకూడదని.

ప్రశ్న: మాది కదిరి దగ్గర పల్లెటూరు. చాలా ఏళ్ళుగా బెంగళూరులో ఉంటున్నాను. మారతహళ్ళిలో బావమరిదితో కలిసి ఆంధ్రా మెస్ నడుపుతున్నాను. వయసు 41. రాత్రి మెస్ కట్టేశాక ఒక క్వార్టర్‌తో మొదలైంది. పోయినేడాదికి పొద్దున లేవగానే నైంటీ పడకపోతే చేతులు వణికే దాకా వచ్చింది. వేసవిలో పట్టుదలగా మానేస్తే రెండో రోజు ఫిట్స్ వచ్చాయి. ఆసుపత్రిలో ఉంచి వైద్యం చేసి పంపారు. ఇప్పుడు తాగడం లేదు. డాక్టరుగారు మాత్రలతో పాటు ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్ళు కలుసుకునే సంస్థ) మీటింగులకు కూడా వెళ్ళమన్నారు. అడ్రసు పట్టుకుని ఒక ఆదివారం వెళ్ళాను. తీరా చూస్తే అది చర్చి. లోపల్నుంచి ఇంగ్లీషు మాటలు వినిపించాయి. కాసేపు గేటు దగ్గర నిలబడి వెనక్కి వచ్చేశాను. నాకు ఇంగ్లీషు బోర్డు చదివేంత వచ్చు, నలుగురిలో మాట్లాడేంత రాదు. కన్నడ వ్యాపారానికి సరిపడా వచ్చు. తెలుగులో మీటింగు ఎక్కడైనా ఉందా? కస్టమర్లు ఎవరైనా చూస్తే నా పరువేం కాను? లోపల ఏం చెప్పాలి, ఎంత కట్టాలి? బావమరిదేమో ‘అవన్నీ ఎందుకు బావా, కార్తీకంలో మాల వేసుకో, అదే పోతుంది’ అంటున్నాడు. నేను ఇంతకుముందు మాల వేసుకున్నప్పుడు ఆ 41 రోజులూ చుక్క ముట్టలేదు కూడా.
— పేరు వద్దు, మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: మీ బావమరిది మాట దగ్గరే మొదలుపెడతాను. ఆయన చెప్పినదాంట్లో సగం నిజముంది.

నేను బెంగళూరులోనే ఒక డీ-అడిక్షన్ వార్డులో సోషల్ వర్కర్‌గా పనిచేసి రిటైరయ్యాను. మదనపల్లె మనిషిని కాబట్టి అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు నుంచి వచ్చినవాళ్ళను నా బల్ల దగ్గరికే పంపేవాళ్ళు. వాళ్ళలో చాలామంది మొదట చెప్పేది ఇదే: ‘నేను తాగుబోతుని కాదు మేడమ్, మాలలో ఉంటే వాసన కూడా చూడను.’ అబద్ధం కాదు, నిజంగానే చూడరు. అయితే ఎందుకు చూడరో ఆలోచించండి. చీకటితో లేపే గురుస్వామి, చన్నీళ్ళ స్నానం, సన్నిధానంలో పదిమందితో పడక, మధ్యాహ్నం భిక్ష, రాత్రయితే ఎవరో ఒకరింట్లో పడిపూజ, భజన. కనిపించిన ప్రతివాడూ ‘స్వామీ’ అని పిలుస్తాడు. ఆ పిలుపు విన్నాక నల్లబట్టలతో మందు షాపు ముందు నిలబడే ధైర్యం ఎవరికుంటుంది? మిమ్మల్ని కాపాడింది అయ్యప్పే అంటే నేను కాదనను. నా కళ్ళకు మాత్రం మీ పక్కనున్న స్వాములు కూడా కనిపిస్తారు. మాల తీసిన మర్నాడు వాళ్ళంతా ఎవరి పనుల్లోకి వాళ్ళు పోతారు. మీరు గల్లాపెట్టె ముందు ఒంటరిగా మిగులుతారు. ఏఏ మీటింగంటే సీజన్ అయిపోయినా చెదిరిపోని స్వాముల గుంపు అనుకోండి. అది శ్రావణంలోనూ ఉంటుంది, సంక్రాంతికీ ఉంటుంది.

కాబట్టి మాల వేసుకోండి, మీటింగుకూ వెళ్ళండి. ఒకదానికొకటి అడ్డు కాదు.

మాల గురించే ఇంకొకటి, ఇది కాస్త భయపెట్టడానికే చెబుతున్నాను. రోజూ తాగే మనిషి మాల వేసుకున్న రోజున ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చు. చివరి పెగ్గు తర్వాత 6 నుంచి 48 గంటల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల కొందరికి మతి చెదురుతుంది. లేని మనుషులు కనిపిస్తారు, ఒళ్ళంతా చెమటలు, జ్వరం, ఎక్కడున్నారో తెలియదు. కార్తీకంలో నల్లబట్టలతోనే వార్డుకి వచ్చినవాళ్ళను చూశాను. దయ్యం పట్టిందని తాయెత్తు కట్టించి మరీ తెచ్చేవాళ్ళు. మీకు ఒకసారి ఫిట్స్ వచ్చాయి కాబట్టి మళ్ళీ వచ్చే అవకాశం మామూలువాళ్ళకన్నా ఎక్కువ. మధ్యలో ఎప్పుడైనా జారి మళ్ళీ కొన్నాళ్ళు తాగితే, ఇంట్లో కూర్చుని మానేయడానికి చూడకండి. ఆసుపత్రిలో కొన్ని రోజులు మాత్రలతో, బి1 విటమిన్ ఇంజెక్షన్లతో దించుతారు. హోసూరు రోడ్డులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి నిమ్హాన్స్‌లో దీనికోసమే సెంటర్ ఫర్ అడిక్షన్ మెడిసిన్ ఉంది. అక్కడ తెలుగులో మాట్లాడే మనిషి దొరకడం కష్టమేమీ కాదు.

ఇక చర్చి సంగతి. సాయంత్రంపూట ఖాళీగా ఉండి, తక్కువ డబ్బుకు దొరికే గదులు బెంగళూరులో ఎవరి దగ్గరున్నాయి చెప్పండి? చర్చిల దగ్గర, మిషనరీ స్కూళ్ళ దగ్గర. అందుకే మీటింగులు అక్కడ జరుగుతాయి. గది వాళ్ళది, మీటింగు వీళ్ళది. అయితే దాచడమెందుకు, ఏఏకి చర్చితో పాత చుట్టరికం ఉంది. 1935లో అమెరికాలో ఏక్రన్ అనే ఊరికి బిల్ అనే షేర్‌మార్కెట్ మనిషి న్యూయార్క్ నుంచి పనిమీద వచ్చాడు. తాగుడు మానేసి అప్పటికి కొన్ని నెలలే. వచ్చిన పని చెడింది. హోటల్ లాబీలో ఒకవైపు బార్లోంచి నవ్వులు వినిపిస్తున్నాయి, ఇంకోవైపు టెలిఫోను, ఊళ్ళోని చర్చిల పట్టిక. తాగకుండా ఉండాలంటే తనలాంటి ఇంకో తాగుబోతుతో మాట్లాడాలి అనిపించి, ఆ పట్టిక చూసి పాస్టర్లకు ఫోన్లు చేశాడు. అలా చేతులు మారి మారి డాక్టర్ బాబ్ అనే సర్జన్ దగ్గరికి చేరాడు. పదిహేను నిమిషాలకన్నా కూర్చోనని చెప్పి వచ్చిన ఆ డాక్టరు ఆరు గంటలు కూర్చున్నాడు. ఆయన చివరిసారి తాగిన రోజు 1935 జూన్ 10. ఏఏ పుట్టినరోజుగా దాన్నే లెక్కపెడతారు. మీరు గేటు దగ్గర నిలబడి వెతుకుతున్నది కూడా ఆ రెండో మనిషినే.

తాగుడు మానడానికి వాళ్ళు పాటించే పన్నెండు మెట్లలో దేవుడి మాట వస్తుంది, కానీ ‘మనకు అర్థమైన రీతిలోని దేవుడు’ అని ఉంటుంది. ఓపెన్ మీటింగులకు బయటివాళ్ళను కూడా రానిస్తారు కాబట్టి నేను మా పేషెంట్లతో కలిసి వెళ్ళి కూర్చునేదాన్ని. విభూతి పెట్టుకున్నవాళ్ళు, గడ్డం పెంచినవాళ్ళు, మెళ్ళో సిలువ ఉన్నవాళ్ళు, దేవుడి పేరెత్తితే చిరాకుపడేవాళ్ళు ఒకే వరుసలో కూర్చుని టీ తాగేవాళ్ళు. మతం మార్చే ప్రయత్నం ఒక్కటీ నా కంటపడలేదు. క్లోజ్డ్ మీటింగులని ఇంకో రకం ఉంటాయి, వాటికి తాగుడు మానాలనుకునేవాళ్ళు మాత్రమే వెళ్తారు. మీరు రెండింటికీ వెళ్ళొచ్చు.

లోపల ఏం జరుగుతుందంటే, పెద్దగా ఏమీ జరగదు. ప్లాస్టిక్ కుర్చీలు, ఒక బల్ల, గోడకు వేలాడదీసిన పన్నెండు మెట్ల చార్టు. ఒకరు పుస్తకంలోంచి కాస్త చదువుతారు. తర్వాత ఒక్కొక్కరూ పేరు చెప్పి, ‘నేను ఆల్కహాలిక్‌ని’ అని, తన కథలో ఒక ముక్క చెబుతారు. దాన్ని షేరింగ్ అంటారు. చెబుతున్నప్పుడు ఎవరూ అడ్డురారు, చెప్పాక సలహాలివ్వరు. మన చుట్టాల మధ్య ఎక్కడా దొరకని సౌకర్యం అది! మీ వంతు వస్తే ‘ఈరోజు వింటాను’ అంటే చాలు. ఇంటిపేరు అడగరు, రిజిస్టర్లో సంతకం పెట్టించుకోరు. ఫీజు లేదు. చివర్లో చిన్న సంచీ తిప్పుతారు, అద్దెకు, టీకి. వేస్తే వేయొచ్చు, లేకపోతే పక్కవాడికి అందించొచ్చు. చేరడానికి కావాల్సింది తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే, ఇది వాళ్ళు రాసిపెట్టుకున్న నియమం. ఎవరికైనా మానేసి ఏడాదో రెండేళ్ళో నిండితే ‘బర్త్‌డే’ అని కేకు కోస్తారు. యాభై దాటిన మనిషి ఒక కొవ్వొత్తి ఊదడం మొదటిసారి చూస్తే నవ్వొస్తుంది, నాకూ వచ్చింది. ఆ పక్కన నిలబడ్డ ఆయన భార్య మొహం చూశాక ఆగిపోయింది.

భాష గురించి. బెంగళూరులో మీటింగులు ఎక్కువగా ఇంగ్లీషు, కన్నడ, తమిళాల్లో నడుస్తాయి. తెలుగు మీటింగు దొరికాకే వెళ్తానని కూర్చుంటే, అది తాగడానికి వెతుక్కున్న సాకుగా మారడానికి ఎన్నో రోజులు పట్టదు. వ్యాపారానికి సరిపడా కన్నడ వచ్చన్నారు కదా, వినడానికి అది బోలెడు. మాట్లాడాల్సి వస్తే తెలుగులోనే మాట్లాడండి. పుంగనూరు నుంచి వచ్చిన ఒక ఆటో డ్రైవరు కన్నడ మీటింగులో అచ్చంగా మన యాసలో చెప్పేవాడు. ఎవరూ ఆపలేదు. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా ఒలికిపోయేదని అతను చెబుతుంటే కన్నడవాళ్ళూ తమిళులూ తలలూపారు. ఆంధ్ర, తెలంగాణల్లో తెలుగు గ్రూపులున్నాయి. కరోనా కాలం నుంచి జూమ్‌లో కలవడం కూడా అలవాటైంది. వారంలో ఒక రాత్రి ఫోన్లో తెలుగు మీటింగు విని, ఒక పూట మనిషిగా వెళ్ళి కన్నడ మీటింగులో కూర్చుంటే మంచిది. ఫోనొక్కటే నమ్ముకోకండి. ఫోన్ మీటింగులో వీడియో ఆపేసి గ్లాసు పక్కన పెట్టుకున్నవాళ్ళ కథలు కూడా విన్నాను.

దారి ఇలా వెతకండి. ఏఏ భారత కార్యాలయం ముంబయిలో ఉంది. వాళ్ళ వెబ్‌సైట్‌లో ఊళ్ళవారీగా మీటింగుల వివరాలు, హెల్ప్‌లైన్లు ఉంటాయి. వేళలు, గదులు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి. ఆ ఫోన్లోనే, ‘నేను కొత్త, తెలుగువాణ్ణి, ఒకసారి గేటు దాకా వచ్చి వెళ్ళిపోయాను, ఎవరైనా బయట నిలబడతారా?’ అని అడగండి. సిగ్గుపడాల్సింది లేదు. కొత్త మనిషిని చెయ్యిపట్టుకుని తీసుకెళ్ళడం వాళ్ళ కార్యక్రమంలో పన్నెండో మెట్టు, అది చేస్తేనే తాము నిలబడతామని వాళ్ళ నమ్మకం. అంటే మీరు వాళ్ళను ఇబ్బంది పెట్టడం లేదు, పని ఇస్తున్నారు. అది కుదరకపోతే మీకు వైద్యం చేసిన ఆసుపత్రిలో సోషల్ వర్కర్‌ని అడగండి. చాలా వార్డులకు ఏఏ సభ్యులు వచ్చి మాట్లాడి వెళ్తుంటారు, వాళ్ళలో మీ ఔటర్ రింగ్ రోడ్డు వైపు ఉండేవాడు ఒకడు దొరక్కపోడు.

కస్టమర్ చూస్తే? మీటింగులోనే చూశాడంటే అతనూ అక్కడికి వచ్చినవాడే, అతని గుట్టు కూడా మీ చేతిలో ఉంది. లోపల చూసిన మనిషినీ విన్న మాటనూ బయట పెట్టకపోవడం ఆ సంస్థ పేరులోనే ఉంది, ‘అనానిమస్’ అంటే పేరు బయటపెట్టనివాళ్ళనే. బయట గేటు దగ్గర చూశాడంటే, పెళ్ళి భోజనాల ఆర్డరు మాట్లాడటానికి వచ్చానని చెప్పండి. అయినా మీ పరువు సంగతి, తప్పుగా అనుకోకండి, పొద్దున్నే వణికే చేతులతో చిల్లర లెక్కపెట్టినప్పుడే కస్టమర్లు గమనించి ఉంటారు.

మెస్ నడిపేవాళ్ళకు సాయంత్రం ఏడుగంటల మీటింగు కుదరదు, నాకు తెలుసు. మొదటి మూడు నెలల్లో తొంభై రోజులకు తొంభై మీటింగులని ఏఏలో ఒక మాట ఉంది. మీకది సాధ్యం కాదు. ఆదివారం పొద్దున మీటింగొకటి పట్టుకోండి, వారం మధ్యలో ఒకరోజు రాత్రి టిఫిన్లు బావమరిదికి అప్పజెప్పండి. మాల వేయించడానికి అంత ఉత్సాహపడుతున్న మనిషి ఆ మాత్రం చేయడా!

మీకు అసలు గండం రాత్రి పదకొండు తర్వాత. అందరికీ వడ్డించి చివర్లో తినే అలవాటు మీదైతే దాన్ని మార్చండి. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగు వేళల్లోనే చెయ్యి గ్లాసు మీదికి పోతుందని ఏఏలో చెబుతారు. మెస్ కట్టే వేళకి ఆ నాలుగూ మీ దగ్గర హాజరు. తొమ్మిదికల్లా తినేయండి. ఆ రోజు కలెక్షన్ మీ జేబులో కాకుండా బావమరిది దగ్గర ఉండనివ్వండి. మీటింగులో మీకు నచ్చిన, కొన్నేళ్ళుగా తాగని ఒకాయన్ని స్పాన్సర్‌గా, అంటే మీకు తోడుండి దారి చూపే పాత సభ్యుడిగా, ఉండమని అడగండి. షట్టరు దించేటప్పుడు ఆయనకు ఫోన్ చేయండి. తాగాక చేసే ఫోన్‌తో పెద్దగా లాభం లేదు, గ్లాసు పట్టుకోకముందే చేయాలి.

మాత్రలు మాత్రం ఎవరు చెప్పినా ఆపకండి. మీటింగుల్లో అరుదుగా ఒక పెద్దమనిషి ‘మాత్రలు కూడా మత్తే’ అంటాడు. అది ఏఏ మాట కాదు, సభ్యులు డాక్టర్ల పని చేయకూడదని ఏఏనే చెబుతుంది. అలాగే ‘ఈ మీటింగులకు ఆధారమేముంది’ అనేవాళ్ళకు: 2020లో కాక్రేన్ సంస్థ అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి పరిశీలించింది. పూర్తిగా తాగకుండా ఉండే విషయంలో, ఏఏ వైపు పద్ధతిగా నడిపించే వైద్యం మిగతా కౌన్సెలింగ్ పద్ధతులకన్నా మెరుగ్గా ఉందని తేల్చింది. అందరికీ పడుతుందని కాదు. ఒక గ్రూపు పడకపోతే ఇంకో గ్రూపు చూడండి. మూడు నాలుగు చోట్ల కూర్చున్నాక కూడా మనసు ఒప్పకపోతే అప్పుడు మళ్ళీ రాయండి.

ప్రశ్న: మావారు రోజూ తాగుతారు. మీటింగు, ఆసుపత్రి అంటే కొట్టినంత పని చేస్తారు. తెలిసినావిడ ఒక పొడి ఇచ్చింది, సాంబారులో తెలియకుండా కలిపితే నెలలో మానేస్తారట. కలపమంటారా?
— ఒక గృహిణి, కె.ఆర్.పురం

జవాబు: వద్దమ్మా. ఆ పొడిలో ఏముందో ఇచ్చినావిడకూ తెలియదు. ఇలా రహస్యంగా కలిపేవాటిలో డైసల్ఫిరామ్ అనే మందు ఉండే అవకాశముంది. అది మంచి మందే, డాక్టరు పరీక్షలు చేసి, తాగే మనిషికి చెప్పి, అతను ఒప్పుకున్నాక ఇచ్చేది. అది ఒంట్లో ఉండగా తాగితే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోతుంది. గుండె జబ్బున్నవాడైతే ప్రాణమే పోవచ్చు. మాత్ర ఆపిన రెండు వారాల దాకా ఆ ప్రభావం ఉండొచ్చు. తెలియని మనిషి ఎప్పటిలాగే బార్లో కూర్చుంటాడు. నిజం బయటపడ్డాక మీ చేతి అన్నం మళ్ళీ నమ్మి తింటాడా, అదీ ఆలోచించండి.

ఆయన వెళ్ళకపోయినా మీరు వెళ్ళొచ్చు. తాగేవాళ్ళ ఇంటివాళ్ళ కోసం అల్-అనాన్ అని విడిగా మీటింగులుంటాయి. ఇందాక చెప్పిన బిల్ భార్య లోయిస్ 1951లో మొదలుపెట్టింది. అక్కడికొచ్చే ఆడవాళ్ళు ‘ఆయన్ని ఎలా మాన్పించాలి’ అన్న ప్రశ్నతో వస్తారు. మెల్లగా ఇంకో ప్రశ్న దగ్గరికి చేరతారు: ఆయన ఆఫీసుకి ‘జ్వరం’ అని నేనెందుకు ఫోన్ చేస్తున్నాను, బాకీలు నేనెందుకు తీరుస్తున్నాను? ఆ ఫోన్లు ఆపండి, అరిచి కాదు, చెప్పి. మాట్లాడాలంటే పొద్దున, మత్తు దిగాక మాట్లాడండి. రాత్రి వాదనలకు ఫలితం ఉండదు.

‘కొట్టినంత పని’ అని రాశారు. కొడితే మాత్రం ఆలోచించకుండా 112కి గానీ, మహిళల హెల్ప్‌లైన్ 181కి గానీ ఫోన్ చేయండి. మనసు విప్పి మాట్లాడటానికి టెలి మానస్ 14416 ఉంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగు కావాలని అడగండి. ఎవరైనా ‘మనుషుల్ని పంపిస్తాం, చేతులు కట్టి తీసుకెళ్ళి మూడు నెలలు గదిలో ఉంచి మాన్పిస్తాం’ అని డబ్బడిగితే ఒప్పుకోకండి. మద్యం వల్ల వచ్చే మానసిక సమస్యలకు కూడా 2017 మానసిక ఆరోగ్య చట్టం వర్తిస్తుంది. ఆ చట్టం ప్రకారం రోగిని గొలుసులతో కట్టేయడం నేరం.

ప్రశ్న: నేను వారమంతా ముట్టను మేడమ్. శనివారం రాత్రి మూడు స్ట్రాంగ్ బీర్లు, అంతే. బీరు తాగేవాణ్ణి అడిక్ట్ అంటారా?
— ఐటీ ఉద్యోగి, బెళ్ళందూరు

జవాబు: మీరు లెక్కల మనిషి కాబట్టి లెక్కే చెబుతాను. స్ట్రాంగ్ బీరు సీసా 650 మిల్లీలీటర్లు. ఆల్కహాల్ 8 శాతమనుకుంటే అందులో అసలు సరుకు సుమారు 41 గ్రాములు. 30 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గులో ఉండేది సుమారు 10 గ్రాములు. అంటే ఒక్కో సీసా నాలుగు పెగ్గులు. మీ శనివారం పన్నెండు పెగ్గులు, దాదాపు ఒక హాఫ్ బాటిల్. ఒక్క కూర్చోడంలో.

అడిక్టా కాదా అని ఉత్తరం చూసి చెప్పలేను. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆడిట్ అనే పది ప్రశ్నల పరీక్ష నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, 40 మార్కులకు. ఆదివారం పొద్దున, తలనొప్పి తగ్గాక, నిజాయితీగా నింపండి. 8 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే ఆ కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. 20 లేదా అంతకన్నా ఎక్కువైతే సోమవారమే సెలవు పెట్టండి.